ఉపసంహరణ పత్రం

ఎన్నికల రోజు పొద్దున కూడా ఉప్మా భవానే చేసింది.

తొమ్మిదేళ్లుగా రైఫిల్ షూటింగ్ సంఘం సర్వసభ్య సమావేశం ఎప్పుడు పెట్టినా టిఫిన్ ఆమె ఇంటి నుంచే వెళ్తుంది. ఈసారి ప్రాంతీయ కార్యదర్శి పదవికి తనే నిలబడింది కాబట్టి ఎవరైనా హోటల్లో చెప్తారేమో అనుకుంది. ఆరున్నరకల్లా వెంకటరామారావు ఫోన్ చేశాడు. వేంసూరులో పెద్ద ఆయిల్‌పామ్ తోట ఉన్న ఆసామి, పదహారేళ్లుగా ఆ పదవిలో ఉన్నవాడు, ఈరోజు ఆమెకు పోటీదారు. "అమ్మా భవానీ, ముప్ఫై ముగ్గురం ఉంటామమ్మా. కిందటిసారి అల్లం మరీ ఘాటెక్కింది, కాస్త చూసుకుని వెయ్యి," అన్నాడు. "సరే సార్," అని ఫోన్ పెట్టేశాక గానీ తనేమన్నదో ఆమెకు తెలిసిరాలేదు. రవ్వ వేయిస్తుంటే తన మీద తనకే కోపం వచ్చి మంట తగ్గించడం మరిచిపోయింది. అడుగు మాడితే ఓటు వేసేటప్పుడు వాళ్లందరికీ అదే గుర్తుంటుందని భయమేసి గబగబా కలిపింది. పెద్ద పదవికి నిలబడ్డ మనిషి ఉప్మా మాడుతుందేమోనని వణకడమేమిటని కూడా అనుకుంది. కలపడం మాత్రం ఆపలేదు.

ముందు గదిలో భర్త సారంగపాణి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఎప్పుడూ ఆ పని ఆమెదే. ఈ రోజు పిలవలేదు. పదిహేను రోజులుగా లేస్తే ఒకటే మాట, తప్పుకో అని. "నువ్వు చేస్తనే ఉన్నవ్ గద, పేరెందుకు నీకు?" అన్నాడొకసారి. "పెద్దాయనతోని పెట్టుకుంటే రేపు మన మొఖం ఎవలు చూస్తరు?" అన్నాడింకోసారి. నిన్న సాయంత్రం అయిదింటితో ఉపసంహరణ గడువు ముగిసింది. అప్పటినుంచి ఆయన ఆ ఊసే ఎత్తలేదు. ఇక ఒప్పుకున్నాడేమో అనుకుంది. భర్త ఊరుకున్నందుకు ఆమె లోపల కృతజ్ఞతలాంటిదేదో కదిలింది. దానికి వెంటనే సిగ్గుపడింది.

ఆమెకు తుపాకి కొత్తది కాదు. తండ్రి గనిలో బొగ్గు టబ్బుల్లోకి ఎత్తే కోల్ ఫిల్లర్. ఏడుగురు మనుషులున్న రెండు గదుల క్వార్టర్లో పెరిగింది. డిగ్రీలో ఉండగా ఎన్‌సీసీ క్యాంపులో మొదటిసారి రైఫిల్ పట్టుకున్నప్పుడు, ఊపిరి సగం వదిలి ఆపి, వేలు కదిలీ కదలకుండా ట్రిగ్గర్ నొక్కే ఆ క్షణంలో లోకమంతా ఒక నల్లచుక్కంత అయిపోయింది. అంత నిశ్శబ్దం ఆమె అంతకుముందు ఎరగదు. రాష్ట్రస్థాయిలో కంచు పతకం కూడా వచ్చింది. పెళ్లయ్యాక ఆ సంగతి తెలిసి అత్తగారు, "కోడలు తుపాకి పట్టుకుంటే నా కొడుకు ఏం పట్టుకోవాల్నట?" అన్నది. అందరూ నవ్వారు. భవానీ నవ్వింది. తర్వాత పదమూడేళ్లు ఆమె రైఫిల్ ముట్టుకోలేదు.

కొత్తగూడెంలో మూతబడ్డ రైసు మిల్లు షెడ్డులో సంఘం షూటింగ్ రేంజి తెరిచినప్పుడు, పైఆఫీసర్లతో పరిచయాలవుతాయని సారంగపాణి సభ్యుడయ్యాడు. ఆయన గని ఆఫీసులో క్లర్కు. వెంట వెళ్లిన భవానిని సంయుక్త కార్యదర్శి అన్నారు. పేరు అదే గానీ, పిల్లల ఫారాలు నింపడం, టార్గెట్ కార్డులు బిగించడం, రైఫిళ్లు తుడిచి పెట్టెల్లో సర్దడం, మీటింగు మినిట్స్ రాయడం ఆమె పని. పోటీలకు ఆడపిల్లల్ని రైల్లో తీసుకెళ్లి, హాల్లో వాళ్లతోపాటు చాపల మీద పడుకుని, ఒకరికి జ్వరమొస్తే ఒకరికి నెలసరొస్తే చూసుకుని, మళ్లీ ఎవరింటికి వాళ్లను చేర్చేదీ ఆమే. కాగితాల మీద మాత్రం టీం మేనేజర్ అని ఎవరో ఒక మగాయన పేరుండేది. ఆయన కోటు వేసుకుని ప్రారంభోత్సవానికొచ్చి ఫొటో దిగి వెళ్లిపోయేవాడు.

ఇదంతా ఇంకో తొమ్మిదేళ్లు కూడా అట్లాగే సాగిపోయేదేమో. దుర్గ సంగతి జరగబట్టి సాగలేదు.

సంఘం భద్రాచలం కేంద్రంలో ఇరవై ఇద్దరు పిల్లలు నేర్చుకుంటున్నారు, ఎక్కువమంది అడవి ఊళ్ల ఆడపిల్లలు. సోడి దుర్గ చర్ల అవతలి కోయగూడెం నుంచి వస్తుంది. పదిహేడేళ్లది. కిందటి జూన్‌లో పోటీకని ఎయిర్ రైఫిల్ పెట్టె పట్టుకుని బస్సెక్కితే, దారిలో తనిఖీవాళ్లు దింపారు. అడవి దారిలో తుపాకి పెట్టె కనిపిస్తే దింపుతారు, సంఘం ఇచ్చిన అనుమతి కాగితం చూపిస్తే వదిలేస్తారు. దుర్గ దగ్గరున్న కాగితానికి గడువు తీరిపోయింది. కొత్త కాగితం భవాని ఎప్పుడో తయారుచేసి వెంకటరామారావు ముందు పెట్టింది. రెండు నెలలుగా ఆయన సంతకం చేయలేదు. ఆ రోజు ఫోన్ చేస్తే పెళ్లిలో ఉన్నానన్నాడు. భవాని బస్సెక్కి వెళ్లి, ఉన్న కాగితాలన్నీ చూపించి, పొద్దుగూకేదాకా ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుని తీసుకొచ్చింది. దుర్గ ఏడవలేదు. "రేపటి పోటీకి అందుకుంటమా మేడం?" అని మాత్రం అడిగింది. అందుకోలేదు.

వారం తిరక్కుండా కమిటీలో వెంకటరామారావు లేచి, ఆడపిల్లల క్షేమం కోసం ఈ ఏడాదితో భద్రాచలం కేంద్రం మూసేద్దామన్నాడు. అందరూ చేతులెత్తారు. సారంగపాణి కూడా ఎత్తాడు. ఆ తీర్మానం మినిట్స్‌లో రాయాల్సింది భవాని. రాసింది. ఆడపిల్లల క్షేమం అనే మాట కూడా రాసింది. ఇంటికొచ్చి అన్నం వండి, తిన్నాక గిన్నెలు తోమి, అప్పుడు ఇల్లెందు క్లబ్బు హాతీరాంకి ఫోన్ చేసింది. నవంబరులో ఎన్నికలున్నాయి కదా, నా పేరు నువ్వు ప్రతిపాదిస్తవా అన్నా అని అడిగింది. ఆయన, "నువ్వు అడుగుతవా లేదా అని చూస్తున్న చెల్లే," అన్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు, వంట ముగించుకుని మధ్యాహ్నం బస్సుల్లో తిరిగి సభ్యులందరినీ కలిసింది. కొందరు మంచినీళ్లిచ్చారు, కొందరు మీ ఆయన్ని పంపమన్నారు. పద్దెనిమిది మంది వేస్తామన్నారు. అందులో ఎందరు నిజంగా వేస్తారో తెలియదు.

తీరా సమావేశం రోజు, ఆటోలో ఉప్మా గిన్నె ఒళ్లో పెట్టుకుని రేంజికి వెళ్లింది. పదకొండింటికి అందరూ తిని కుర్చీల్లో సర్దుకున్నారు. ఆమె ఇంకా వెనక బల్ల దగ్గర ప్లేట్లు తీస్తోంది. ఎన్నికల అధికారి ఉదయ్ భాస్కర్, రిటైరైన లెక్చరర్, లేచి కళ్లద్దాలు సర్దుకున్నాడు. కార్యదర్శి పదవికి రెండు నామినేషన్లు వచ్చాయని, అందులో భవాని గారు నిన్న సాయంత్రం నాలుగున్నరకు ఉపసంహరించుకున్నారని, కాబట్టి వెంకటరామారావు గారు ఏకగ్రీవంగా ఎన్నికైనట్టేనని చదివాడు.

చప్పట్లు మొదలయ్యాయి. భవాని చేతిలో ప్లేట్లు అట్లాగే ఉన్నాయి. ఇంకెవరో భవాని అయి ఉండాలని ఒక్క క్షణం నిజంగానే అనుకుంది. హాతీరాం వెనక్కి తిరిగి చూశాడు, మోసపోయిన మనిషి చూపు. ఆమె సారంగపాణి కోసం వెతికింది. మూడో వరసలో, ఇస్త్రీ మడత నలగని చొక్కాలో, తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. అప్పుడు అర్థమైంది.

ప్లేట్లు బల్ల మీద పెట్టి, చెయ్యి కడుక్కుని, వరసల మధ్య నుంచి నడిచి ముందుకెళ్లింది. చప్పట్లు తగ్గిపోయాయి. ఆ కాగితం ఒకసారి చూపించమని అడిగింది. ఉదయ్ భాస్కర్ ఇచ్చాడు. టైపు చేసిన నాలుగు వాక్యాలు, కుటుంబ కారణాల వల్ల అని ఉంది. కింద తెలుగులో ఆమె పేరు. బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో, పిల్లాడి హాస్టల్ ఫారాల్లో ఇరవై ఏళ్లుగా ఆమె తరఫున పడుతూ వచ్చిన సంతకమే అది. నీకెందుకు శ్రమ అని భర్తే పెట్టేసేవాడు. ప్రేమ అనుకున్న రోజులు కూడా ఉన్నాయి.

"ఇది నా సంతకం కాదు సార్," అన్నది.

హాల్లో గుసగుసలు లేచాయి. ఉదయ్ భాస్కర్ ముఖం ఎర్రబడింది. "మీ ఆయనే తెచ్చిచ్చారమ్మా. ఇంటి మనిషి కదా అని నేను మళ్లీ అడగలేదు," అన్నాడు. నోటిమాట సరిపోదనీ, సంతకం తనది కాదంటే ఆ సంగతీ, దీన్ని తెచ్చిందెవరో కూడా రాసివ్వాలనీ, అది ఫైల్లో ఉంటుందనీ చెప్పాడు. రాసిస్తే పోలింగు పెడతాడు. లేకపోతే ఫలితం ప్రకటించినట్టే.

వెంకటరామారావు కుర్చీలోంచి లేవకుండానే, మెత్తగా అన్నాడు. "ఇంటి గొడవ ఇంట్లో తేల్చుకోవాలమ్మా. ఈ పదవి ఏపాటిది? దీని కోసం మొగుడి మీద కాగితం రాస్తావా?"

సారంగపాణి అప్పటికే ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆమెకు తప్ప ఎవరికీ వినపడనంత చిన్నగా మాట్లాడాడు. "భవానీ, ఇంటికి పోదాం పా. గిట్ల రాస్తే నా నౌకరి మీదికొస్తది. నీకు దండం పెడ్త."

పెళ్లయి ఇరవై మూడేళ్లలో ఆయన ఆమెను బతిమాలడం అదే మొదటిసారి. ఆమెకు జాలి కలిగింది. ఎప్పటిలాగే ముందు అదే కలిగింది. ఇంటికి పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రెండు రోజులు ఆయన ఎక్కడలేని మంచితనంతో ఉంటాడు, కూరగాయలు తెస్తాడు. మూడో రోజు, అయిపోయిన దాన్ని ఇంకా పట్టుకుని ఏడుస్తవేంది అంటాడు. డిసెంబరులో భద్రాచలం నుంచి రైఫిళ్లు వెనక్కొస్తాయి, వాటిని తుడిచి పెట్టెల్లో సర్దమని ఆమెకే చెప్తారు. ఆమె సర్దుతుంది. సర్దిపెట్టే మనిషి కాబట్టే కదా, కాగితం సంగతి తెలిసినవాళ్లలో ఒక్కరు కూడా నిన్న ఆమెకు ఫోన్ చేసి, నిజంగా తప్పుకున్నావా అని అడగలేదు. అడగాల్సినంత మనిషిగా ఆమె ఎవరికీ కనిపించలేదు. ఆయన నౌకరి సంగతి ఆయనకు నిన్న నాలుగున్నరకు గుర్తు రావాల్సింది. దాన్ని కాపాడే పని కూడా ఇప్పుడు తన మీదే పడింది. ఇంట్లో ఇంకే పనైనా పడ్డట్టే.

పెన్ను అందుకుంది. ఊపిరి సగం వదిలి ఆపింది.

ఉదయ్ భాస్కర్ ఇచ్చిన తెల్ల కాగితం మీద మూడు వాక్యాలు రాసింది. నేను పోటీ నుంచి తప్పుకోలేదు. ఈ సంతకం నాది కాదు. దీన్ని తెచ్చి ఇచ్చింది నా భర్త సారంగపాణి, సంతకం ఎవరిదో ఆయన్నే అడగవలసింది. తేదీ వేసి, తన పేరు రాసి, ఇచ్చేసింది. సారంగపాణి వైపు చూడలేదు. ఆయన కొంచెంసేపు అక్కడే నిలబడి, తర్వాత వెళ్లి వెనక గోడ దగ్గర నిలుచున్నాడు.

పోలింగు గంటసేపు జరిగింది. ఒకరిద్దరు ఆమె ముందు నుంచి వెళ్తూ తల తిప్పుకున్నారు. వేస్తామన్నవాళ్లే. మొగుణ్ణి నలుగుర్లో నిలబెట్టిన ఆడదానికి ఎవరు వేస్తారు అని ఆమెకే అనిపించింది. హాతీరాం మాత్రం ఒక కుర్చీ తెచ్చి ఆమె పక్కన వేసి, కూర్చో చెల్లే అన్నాడు. రేంజిలో తనకొకరు కుర్చీ వేయడం ఆమెకు గుర్తున్నంతలో అదే మొదలు.

కాగితాలు విప్పారు. వెంకటరామారావుకు పద్నాలుగు, భవానికి పద్దెనిమిది, ఒకటి ఖాళీ. ఈసారి చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక సగంమంది చేతులు గాల్లో ఆగిపోయాయి. భవానికి సంతోషం రాలేదు. భద్రాచలం పిల్లలు వచ్చే ఏడాది కూడా రేంజికి రావచ్చునన్న ఒక్క ఆలోచన మెల్లగా వచ్చి కూర్చుంది.

వెంకటరామారావు పెద్దమనిషి, ఓటమిని ముఖం మీదికి రానివ్వలేదు. తాళాలు, ముద్ర ఆమె ముందు పెట్టి, అందరూ వింటుండగా నవ్వుతూ అన్నాడు. "మంచిదమ్మా. ఒక్క మాట నువ్వు నిలబెట్టాలి. వచ్చే నెల రాష్ట్ర పోటీలకు టీం మేనేజర్‌గా సారంగపాణిని పంపుతానని మాటిచ్చాను. ఆ పేరు రేపే పంపాలి. ఏదైతేనేం, మీ ఇంటికే కదా వచ్చేది."

ఆమె మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. భయపడి చేశాడని ఇంతసేపూ అనుకుంది. పెద్దాయనకు భయపడి, నలుగురి మాటకు భయపడి. భయానికైతే ఎప్పటికైనా క్షమాపణ ఉండేదేమో. ఒక కోటుకీ ఒక ఫొటోకీ ఆమె పేరును అమ్ముకున్నాడు. ఆ మేనేజర్ పని తొమ్మిదేళ్లుగా ఆమె చేస్తున్నదే. సారంగపాణి వెనక గోడకు ఆనుకుని, తల ఎత్తి, ఆశగా ఆమె వైపే చూస్తున్నాడు. ఇప్పుడు కూడా ఆమె సర్దేస్తుందనే నమ్మకం ఆ కళ్లలో ఉంది.

ఆమె తాళాలు తన దగ్గరికి లాక్కుంది.

"రేపు పదింటి దాక దరఖాస్తులు తీసుకుంట సార్," అన్నది. "అందరితోపాటు ఆయన కూడ పెట్టుకోవచ్చు."