ఎర్రముక్క

తెనాలి స్టేషన్ బయట సంజీవరావు కూర్చునే ఎస్టీడీ బూత్‌కు గంటకు రెండుసార్లు ఎర్రముక్క వచ్చేది. అది వచ్చిందంటే ఫోన్లు మూగబోయేవి. టీకొట్టు పున్నయ్య గ్లాసుల మోత ఆగేది. రేపల్లె పాసింజరు సైతం చడీచప్పుడు లేకుండా పిల్లిలా వెళ్ళిపోయేది. ఎవరూ విసుక్కునేవాళ్ళు కాదు. "ఎర్రముక్కండీ, కాసేపు కూర్చోండి" అని కొత్తవాళ్ళకు ముందే చెప్పేవాళ్ళు. తర్వాత చెబుదామంటే గొంతు ఉండొద్దూ!

ఆ ముక్క బూత్‌లోని గోడగడియారంలోది. సంజీవరావు ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసినప్పటి గడియారం అది. దాని ముఖం మీద రెండుచోట్ల సన్నగా కోసిన పుచ్చముక్కల్లా ఎర్రరంగు ఉంటుంది. పెద్దముల్లు ఆ రంగు మీదికి రాగానే సముద్రం మీదున్న రేడియోలన్నీ మూడు నిమిషాలు నోరు మూసుకుని వినాలి. ప్రమాదంలో ఉన్నవాడు ఒక్కడే పలకొచ్చు.

ఓడలో అలా చెవులు రిక్కించి కూర్చున్న ఒక సాయంత్రం అతనికి ఎక్కడిదో ఓడ పిలుపు సన్నగా వినబడింది. ముందు ఒక్క మాటే పంపాడు: అందింది. ఆ తర్వాతే ఎక్కడున్నారని అడిగాడు. "మునిగేవాడికి పడవకంటే ముందు ఆ మాట చేరాలి రిబ్కా" అని సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా భార్యకు చెప్పేవాడు. ఆమె చేట చెరుగుతూ ఊఁ కొట్టేది.

తొంభైల్లో ఓడలకు ఉపగ్రహాలొచ్చాయి. రేడియో ఆఫీసర్లు కూరలో కరివేపాకులయ్యారు. ఆఖరిసారి దిగేటప్పుడు కెప్టెన్ ఆ గడియారం ఊడదీసి చేతిలో పెట్టాడు. అన్నయ్య మత్తయి బూత్ పెట్టించి, "నీడపట్టున కూర్చునే పని, ఏం లోటురా నీకు?" అన్నాడు. నిజమే, లోటు లేదు. నాలుగు అద్దాలు, ఒక కుర్చీ. రేపల్లెలో ఇంటి నుంచి పొద్దున వచ్చేటప్పుడు, సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు పాసింజరు తలుపు దగ్గర నిలబడితే ముఖానికి గాలి తగిలేది. అతనికి మిగిలిన సముద్రం అంతే.

ఎర్రముక్క వచ్చినప్పుడల్లా అతను మాట వస్తుందేమోనని నోరు తెరిచి చూసేవాడు. గొంతు పెగిలేది కాదు. 'తిండికి లోటా, గూటికి లోటా? దీన్ని ప్రమాదం అంటార్రా?' అని తన్ను తనే తిట్టుకునేవాడు.

ఒకరోజు మత్తయి సంబరంగా చెప్పాడు. "రోజూ ఆ రైలు యాతన నీకెందుకురా! తెనాలిది ఎత్తేసి మన వసారాలోనే పెడదాం. మంచం దిగితే బూత్."

సంజీవరావుకు ఊపిరాడలేదు. తను సముద్రం మీదున్నన్నాళ్ళూ అమ్మనీ, రిబ్కానీ సాకినవాడు అన్నయ్య. ఆయనకు కాదని ఏ నోటితో చెప్పాలి? "నీ ఇష్టం అన్నయ్యా" అన్నాడు.

ఆ రాత్రి రిబ్కా, "బాపట్ల బడివాళ్ళు నన్ను టీచరు పనికి రమ్మని మళ్ళీ కబురుచేశారండీ" అంది.

"అన్నయ్యనడుగుదాం."

"పోయినసారి బావగారు వద్దన్నారుగా" అని ఆమె అటు తిరిగి పడుకుంది.

ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక రేపల్లె ఇంటి వసారాలో కొత్త బూత్‌కు ప్రార్థన పెట్టారు. గడియారం గోడకెక్కింది. వదిన కరుణమ్మ లడ్డూల పళ్ళెంతో నిలబడింది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "నీ సేవకుణ్ణి ఈ స్థలమందే స్థిరపరచుమని వేడుకొనుచున్నాము తండ్రీ" అన్నారు. పెద్దముల్లు ఎర్రముక్క మీదికొచ్చింది. ఆయన పెదవులు కదిలాయి గానీ ఆమెన్ బయటికి రాలేదు.

సంజీవరావు అలవాటుగా నోరు తెరిచాడు.

"అన్నయ్యా, నేనిక్కడ ఉండలేను. ఊపిరాడటం లేదు."

అందరికీ వినబడింది. అతను తన గొంతుకు తనే బిత్తరపోయాడు. మత్తయి నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఆయనకు మాట రాలేదు.

"అందిందండీ" అంది రిబ్కా.

ప్రమాదం లేనివాళ్ళ గొంతు ఎర్రముక్కలో పెగలదు. సంజీవరావు చటుక్కున ఆమె వైపు తిరిగి, తన వృత్తి నేర్పిన రెండో మాట అడిగాడు.

"నువ్వెక్కడున్నావు?"

"ఈ వంటింట్లోనే. మీరు మొదటిసారి ఓడెక్కిన రోజు నుంచీ."

ఇద్దరూ ఏడుస్తూ నిలబడ్డారు. ముల్లు ఎరుపు దాటింది.

"ఆమెన్" అన్నారు పాస్టరుగారు.

మత్తయి కళ్ళజోడు తీసి పంచెకొంగుతో చాలాసేపు తుడిచాడు. "బాపట్ల వెళ్ళాలంటే తెనాలిలో బండి మారాలిరా. పొద్దున పాసింజరుకే బయల్దేరండి" అన్నాడు.

మర్నాడు రెండు పెట్టెలు సర్దుకున్నాక సంజీవరావు గడియారం దింపబోయాడు. వదిన వంటింట్లోంచి పరుగున వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"దాన్ని ఉండనీ అబ్బాయ్, నాకు కావాలి" అంది కరుణమ్మ.