మొద్దుల బడి

కొత్త పంతులమ్మ వచ్చి పది నెలలైనా పాత పంతులమ్మ కడుపుమంట చల్లారలేదు. చల్లారనిచ్చేదెవరు? రోజూ ఎవరో ఒకరు ఓ పుల్ల ఎగదోస్తూనే ఉన్నారు.

నిజానికి పాతావిడ పంతులమ్మ కాదు. ఎనిమిదో తరగతి దాకా చదివింది, అంతే. బస్సు దిగాక గంటసేపు నడిస్తే గానీ ఆ ఊరు రాదు. ఒకరిద్దరు తప్ప ఏ మాస్టారిని వేసినా సంచీ విప్పకుండానే బదిలీకి అర్జీ పెట్టుకునేవాడు. బడి మూతపడుతుందని ఊరివాళ్లు ఆవిడను బతిమాలి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కూర్చోవడం పన్నెండేళ్లు కూర్చుంది. ఒకటే గది, పైన రేకులు, లోపల ఐదు తరగతులు. అక్షరాలు దిద్దించింది, ఎక్కాలు వల్లె వేయించింది, ముక్కులు తుడిచింది. భాగహారం దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆవిడ చేతిలో సుద్దముక్క ఆగిపోయేది. "ఇది పై క్లాసులో చెబుతార్లే" అని పాఠం మార్చేసేది. పై క్లాసుకు వెళ్లిన పిల్లలు అక్కడ ఫెయిలై ఇంటికొచ్చేసేవాళ్లు. ఎందుకో ఆవిడకు తెలుసు. తెలిసీ పైకి అనలేదు.

అలాంటి చోటికి ఇరవై ఆరేళ్ల పిల్ల ఒక ట్రంకుపెట్టె పట్టుకుని దిగింది. వారం కూడా ఉండదన్నారు. ఉంది. దర్జీ ఇంట్లో పక్క గది అద్దెకు తీసుకుని, మూడోరోజే గ్లాసుల్లో నీళ్లు పోసి సగాలూ పావులూ చెప్పడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి గోడవార కునుకు తీసే పిల్లలు కూడా "టీచర్, నేను! టీచర్, నేను!" అని మోకాళ్ల మీద లేచి కూర్చునేవాళ్లు.

పాతావిడ ముక్కాలిపీట వాన కురిసే మూలకు చేరింది. ఎవరూ జరపలేదు, చోటు చాలక తనే జరుపుకుంది. అయినా ఎవరో జరిపినట్టే ఉండేది. కొత్తమ్మ ఆవిడను "పిన్నిగారూ" అని పిలిచేది. అంత మర్యాదగా పిలిచే మనిషిని తిట్టుకోవడానికి లేదాయె! అది ఇంకో మంట.

అన్నిటికంటే పెద్ద మంట ఇంట్లోనే ఉంది. కూతురి కూతురు ఐదో తరగతి. టీచరు లాగే నడిమి పాపిట తీయమని రోజూ పేచీ. ఓ సాయంత్రం జడ వేయించుకుంటూ అంది:

"అమ్మమ్మా, మా టీచర్ ఏం చెప్పినా ఇట్టే అర్థమైపోతుంది."

"నేను చెబితే కాదేంటే?"

పిల్ల కాసేపు నిజాయితీగా ఆలోచించింది. "నువ్వు చెబితే వచ్చేస్తుంది. అర్థం కాదు."

ఆ రోజు జడ ఎంత బిగిసిందంటే పిల్లకు కనుబొమలు పైకి లేచాయి.

ఇంతలో బడుల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు. ఊరంతా దడ. బడి బాగాలేదని కాదు, బాగుందని. పాతావిడ కుర్చీ ఎక్కకముందు ఓ లెక్కల మాస్టారు బ్రహ్మాండంగా చెబుతున్నాడని ఊరివాళ్లు ఇన్‌స్పెక్టరు ముందు గొప్పలు పోయారు. పిల్లలు టపటపా జవాబులు చెప్పారు. "ఇంత మంచివాడు ఇక్కడెందుకు?" అని ఎనిమిదో రోజున ఆయన్ని టౌనుకు ఎత్తుకుపోయారు. రెండేళ్లకు పాటలతో పాఠం చెప్పే ఇంకొకాయన గతీ అంతే అయింది. అప్పటినుంచీ ఆ ఊరికో పద్ధతి ఏర్పడింది: మంచి పంతులు దొరికితే దాచుకోవాలి. ఇన్‌స్పెక్టరు వస్తే పిల్లలందరూ మొద్దులైపోవాలి.

కొత్తమ్మ తల పట్టుకుంది. "ఇదెక్కడి పద్ధతండీ! నాకు అబద్ధాలు చేతకావు."

"మీరేం చెప్పక్కర్లేదమ్మా, ఊరికే నిలబడండి చాలు" అన్నాడు ఊరిపెద్ద. "ఐదో క్లాసులో ఏడుగురున్నారు. నాలుగు నెలల్లో హాస్టలు బడిలో చేరే పరీక్ష. ఇప్పుడు మీరు పోతే ఆ ఏడుగురూ పశువుల వెనకే."

ఆమె ఏడుగురినీ చూసింది. "సరే. వీళ్లు పరీక్ష రాసేదాకా నన్నెక్కడికీ కదలనివ్వకండి" అంది.

పిల్లలకు తప్పు జవాబులు నేర్పే పని ఎవరిదన్న మాట వచ్చింది. దర్జీ పెళ్లాం నవ్వుతూ పాతావిడ వైపు చూసింది. "వదినకిచ్చేయండి. పన్నెండేళ్ల అనుభవం!"

అందరూ నవ్వారు. పాతావిడా నవ్వింది, పళ్ల వరకే.

రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పింది. ఏడు ఎనిమిదులు ఎంతంటే వేళ్లు లెక్కపెట్టాలి, సగంలో సగం ఎంతంటే పైకప్పు చూడాలి. నేర్పుతున్నంతసేపూ లోపల ఒకటే ఆలోచన. ఒక్క పిల్ల నోరు జారితే చాలు. ఒక్కటంటే ఒక్క సరైన జవాబు. వచ్చేవారానికి ఈవిడ ట్రంకుపెట్టె బస్సు మీదుంటుంది.

ఇన్‌స్పెక్టరు ఉదయమే జీపులో వచ్చాడు, ప్యాంటుకంతా దుమ్ము, మొహంలో విసుగు.

"ఏడు ఎనిమిదులు?"

"ఎనభై... ఏడండీ" అన్నాడొకడు.

"సగంలో సగం ఎంతమ్మా?"

"మిగతా సగమండీ" అంది ఇంకో పిల్ల. కొత్తమ్మ కళ్లు మూసుకుంది. మనవరాలి పెదవుల మీద సరైన జవాబు కదులుతోంది. పాతావిడ చూసింది. ఊరుకుంటే అయిపోయేది. కానీ వెనకనుంచి పిల్ల తొడ మీద గిల్లింది. ఎందుకు గిల్లిందో ఆవిడకే తెలియలేదు.

ఇన్‌స్పెక్టరు పుస్తకం మూశాడు. "ఇన్నాళ్లూ వీళ్లకు చెప్పిందెవరు? నువ్వేనా?" అన్నాడు పాతావిడను చూసి.

"నేనేనండీ."

"కనబడుతూనే ఉంది." అప్పుడు కొత్తమ్మ వైపు తిరిగి మెత్తబడ్డాడు. "మీ సర్టిఫికెట్లు చూశానమ్మా. ఈ బండరాళ్ల మధ్య మీరేం చేస్తారు? టౌను బడిలో ఖాళీ ఉంది. సోమవారం చేరిపోండి."

"వద్దండీ, నేనిక్కడే ఉంటాను."

"మొహమాటపడకండి" అంటూ పెన్ను తీశాడు.

దాచిన పంతులమ్మ దాచడం వల్లే చేజారిపోతోంది. పాతావిడ చేతికి మట్టి అంటకుండానే అయిపోతోంది పని. మాట్లాడకపోతే చాలు. ఐదో తరగతి ఏడుగురి వైపు చూసింది. ఒక్కరూ తన వైపు చూడటం లేదు. ఏడు మొహాలూ కొత్తమ్మనే చూస్తున్నాయి, వెలవెలబోయి. పన్నెండేళ్లలో తన కోసం ఏ పిల్లా అలా చూడలేదు. అది చూసేసరికి ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"ఆవిడ గొప్ప కాగితాల మీదేనండీ బాబూ!" అంది గట్టిగా.

పెన్ను ఆగింది.

"పుస్తకం తెరవదు! గ్లాసుల్లో నీళ్లు పోసి ఆడిస్తుంది. పది నెలల్లో ఒక్కసారి బెత్తం పట్టలేదు. పిల్లలకు భయమా భక్తా? మనం ఒకటడిగితే వాళ్లు 'ఎందుకు' అని ఎదురడుగుతారు. ఇంటికెళ్లినా టీచర్ టీచర్ అని ఒకటే గోల. నా మనవరాలు, నేను పెంచిన పిల్ల, నా మాట వినదు. ఈవిణ్ణి ఊరంతా నెత్తికెక్కించుకుంది!"

కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అలాంటి ఏడుపు ఎవరూ నటించలేరు. ఇన్‌స్పెక్టరుకి అన్నీ అర్థమయ్యాయి, లేదా అయ్యాయనుకున్నాడు.

"అందుకేనా పిల్లలిలా ఉన్నది! చూడమ్మా, ముందు వీళ్లకు ఎక్కాలు రప్పించండి. టౌను సంగతి వచ్చే ఏడాది." తర్వాత పాతావిడ వైపు చూశాడు. "నువ్వు మాత్రం రేపట్నుంచి నీళ్లు పట్టి, గది ఊడ్చు. పాఠాల జోలికి వెళ్లకు." రెండూ రిజిస్టరులో రాసి పోయాడు.

జీపు దుమ్ము తగ్గాక కొత్తమ్మ దగ్గరికొచ్చింది. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి. "పిన్నిగారూ, ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు మీరు."

"అబద్ధం కల్పించడానికి టైమెక్కడిది? పది నెలలుగా కడుపులో ఉన్నదే కక్కేశాను."

"పిల్లలు మీమీద కోపంగా ఉన్నారు. మీరు చేసిందేంటో వాళ్లకు చెబుతాను."

"చెబితే నాలుగు రోజుల్లో ఆయన చెవిలో పడుతుంది. పరీక్ష అయ్యేదాకా నోరెత్తకండి." ఆగి, మొహం ఇటు తిప్పకుండానే అంది: "ఒకటో క్లాసు అక్షరాలు మాత్రం నావే. ఆయన మళ్లీ ఏడాదికి గానీ రాడు. వాటి జోలికి మీరు రాకండి."

"రానండీ."

బయట మనవరాలు పలక గుండెకు అదుముకుని నిలబడింది. "నీకు మా టీచరంటే కుళ్లు."

"అవునే" అంది పాతావిడ. "కుళ్లే."

పిల్ల మొహం తిప్పుకుని మళ్లీ బడిలోకి పరిగెత్తింది. లోపల ఎవరో ఏదో అడిగారు, కొత్తమ్మ ఏదో చెప్పింది, అందరూ ఒక్కసారిగా నవ్వారు. అదేం జోకో చెవి రిక్కించినా వినబడలేదు. ఇంకా నాలుగు నెలలు, అనుకుంటూ పాతావిడ బకెట్టు తీసుకుని నీళ్లకు వెళ్లింది.