ఫోన్ ఎవరి చేతిలో ఉంది

ఉతికిన దుప్పట్లు తీగ మీద ఆరేస్తుంటే లోపల నా ఫోన్ మోగింది. ఎప్పట్లాగే మావారు తీశారు. "ఆఁ, చెప్పండి సార్... ఉందండీ... తప్పకుండా పంపిస్తానండీ" అంటున్నారు. ఇస్త్రీకి ఇవ్వాల్సిన మూట గురించి మాట్లాడుతున్నట్టుంది ఆ గొంతు. తర్వాత గుమ్మంలోకి వచ్చి, రేపు పొద్దున పోలీస్ స్టేషన్‌కి రమ్మన్నారని, విచారణట అని, ఫోన్ కూడా తెమ్మన్నారని చెప్పారు. ఫోన్ మాత్రం నా చేతికివ్వలేదు. జేబులో వేసుకున్నారు.

కాసేపటికి ఆయన కాఫీ కలిపి తెచ్చారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో చక్కెర డబ్బా ఎక్కడుందో నన్నడక్కుండా ఆయన వెతుక్కోవడం అదే మొదలు. స్టేషన్ మాట విన్నప్పటికంటే ఆ కప్పు చూశాకే నాకు ఎక్కువ భయం వేసింది.

నేను బడిలో లెక్కల టీచర్ని. పెద్ద పరీక్షల ప్రశ్నపత్రంలో తప్పులు సరిచూసే పని ఈ ఏడు బోర్డు వాళ్ళు నాకు అప్పగించారు. ఫైలు నా ఫోన్‌లోని మెయిల్‌కి వచ్చింది. దాన్ని తెరిచే పాస్‌వర్డ్ కూడా అదే ఫోన్‌కి వచ్చింది. వంటిల్లు సర్దుకుని, భోజనాల బల్ల తుడిచి, అక్కడే కూర్చుని సరిచూసి పంపించాను. పరీక్షకి ముందే ఆ పేపరు పిల్లల ఫోన్లలో తిరిగింది. పరీక్ష రద్దయింది. అది మొదట బయటికి వెళ్ళింది నా మెయిల్ నుంచేనని, ఒక ఆదివారం సాయంత్రమని తేల్చి నా మీద కేసు పెట్టారు. బడిలో సస్పెండ్ చేశారు. హెడ్‌మిస్ట్రెస్ నా బీరువా తాళంచెవి తీసుకుంటూ, "నేను మాత్రం నమ్మడం లేదమ్మా" అంది, నా మొహం తప్ప మిగతావన్నీ చూస్తూ. పక్క సీటు సైన్స్ టీచరు తన హ్యాండ్‌బ్యాగ్ అటువైపు జరుపుకుంది. ప్రశ్నపత్రం దొంగకి ఆవిడ బ్యాగుతో ఏం పనో నాకర్థం కాలేదు. నవ్వొచ్చింది కూడా. బస్సెక్కాక ఏడుపొచ్చింది.

స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిన ఆ సాయంత్రం మావారు నన్ను హాల్లో కూర్చోబెట్టి పాఠం చెప్పడం మొదలుపెట్టారు. అడిగినదానికే జవాబు చెప్పాలట. ఎక్కువ మాట్లాడకూడదట. ఫైలు సరిచూస్తూ చూసుకోకుండా ఎక్కడో నొక్కేశానని ఒప్పుకుంటే సరిపోతుందట. ఆడవాళ్ళని పెద్దగా ఏమీ చెయ్యరట.

"ముఖ్యంగా ఒకటి గుర్తుపెట్టుకో. నీ ఫోన్ నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోరని చెప్పు."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆ ఫోన్‌కి తాళం పెట్టింది ఆయన. ఆ అంకెలు ఆయన పుట్టినరోజు. ఒకసారి నేను వాటిని మారిస్తే వారం రోజులు నాతో మాట్లాడలేదు. "మొగుడి దగ్గర దాచాల్సినవి ఏమున్నాయి నీకు?" అన్నారు చివరికి. అప్పట్నుంచి నా మెసేజ్‌లు నాకంటే ముందు ఆయన చదువుతారు. అక్క ఫోన్ చేస్తే ముందు ఆయన బాగోగులడిగాకే నాకిస్తారు. అలాంటి మనిషి ఇవాళ అది నీదే, నీ ఒక్కదానిదే అంటున్నారు.

పక్కన కుర్చీలో ఉన్న అత్తగారు, టీవీ చూస్తూనే, "వాడు చెప్పినట్టు చెప్పమ్మాయ్. అవతల చిన్నాడికి ఇంకా పెళ్ళి కావాలి" అంది.

మావారు చటుక్కున ఆవిడ వైపు చూశారు. ఆవిడ టీవీ గొంతు పెంచింది.

చిన్నాడంటే మా మరిది. పెద్ద పరీక్షలకి పిల్లల్ని తయారుచేసే కోచింగ్ సెంటర్ నడుపుతాడు. కేసు పెట్టినప్పట్నుంచీ మా ఇంట్లో ఎవరి నోటా అతని మాటే రాలేదు. నా కేసుకీ అతని పెళ్ళికీ ఏమిటి సంబంధం? వారానికి మూడు పూటలు మా ఇంట్లో తిని, "వదినా, నీ చేతి వంట తింటే సగం రోగం పోతుంది" అనే మనిషి, పరీక్ష రద్దయినప్పట్నుంచీ గుమ్మం తొక్కలేదన్న సంగతి అప్పుడు తట్టింది. పేపరు బయటికి వెళ్ళిన ఆ ఆదివారం అతను వచ్చాడు. హాల్లో అన్నదమ్ములిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. నేను వెళ్తే మాట మార్చారు. క్రికెట్ అనుకున్నాను.

ఇక ప్రతిదీ అనుమానంగానే కనిపించింది. మావారు బాత్రూంలోకి కూడా నా ఫోన్ పట్టుకెళ్తున్నారు. ఏం చెరిపేస్తున్నారు? మర్నాడు వేసుకోవాల్సిన నా బట్టలు ఆయనే ఇస్త్రీ చేసి పెట్టారు. ఎందుకు? ఒక దశలో నన్ను నేనే అనుమానించాను. ఒళ్ళలిసి కళ్ళు మూతలు పడుతున్నప్పుడు నేనే ఎక్కడైనా నొక్కానా? ఇన్నేళ్ళుగా కూరలో ఉప్పెక్కువైనా, కరెంటు పోయినా, పిల్లికి దెబ్బ తగిలినా నువ్వే అంటే, ఏమో నేనేనేమో అనుకోవడం అలవాటైపోయింది.

స్టేషన్‌లో మావారు నాతోపాటు లోపలికి రాబోయారు. ఎస్సై ఆడమనిషి. నా ఫోన్ ఆయన దగ్గర్నుంచి తీసుకుంది. "మీరు బయట కూర్చోండి" అంది. నాకు తోడు లేకుండా మాట్లాడటం రాదని ఆయన చెప్పబోయారు. "టీచరు కదా, వచ్చే ఉంటుంది" అని ఆవిడ తలుపు వేసింది.

గదిలో పాత బల్ల, మూల టైపు చేసుకుంటున్న కానిస్టేబుల్. ఎస్సై మెత్తగా మాట్లాడుతోంది. ఆ కాఫీ తర్వాత నాకు మెత్తదనమంటేనే భయం. ఆవిడ పేపరు గురించి అడగలేదు. ఆ ఆదివారం సాయంత్రం ఏం చేస్తున్నారని అడిగింది.

"మా అత్తగారికి స్నానం చేయిస్తున్నాను."

"ఎంతసేపు?"

"చీకటి పడేదాకా."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "ఒక స్నానానికి అంతసేపా?" అంది. అబద్ధం దొరికిందన్న వెలుగు ఆవిడ కళ్ళలో కనిపించింది.

చెప్పాను. మంచం మీంచి లేపడం దగ్గర్నుంచి చెప్పాను. అత్తగారి బరువంతా నా భుజం మీద వేసుకుని బాత్రూందాకా నడిపించడం, కాళ్ళు జారకుండా కింద గోనెపట్టా పరవడం, వేడినీళ్ళు చల్లారాయని కసిరితే మళ్ళీ కాచుకురావడం, తల రుద్దడం, పట్టు తప్పిన కుడిచేతిని ఎత్తి చంక కడగడం, మధ్యలో బట్టలు పాడుచేసుకుంటే మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టడం, తుడిచి, వీపు పగలకుండా నూనె రాసి, బట్టలు తొడిగి, జుట్టు ఆరబెట్టి, మంచం మీద కూర్చోబెట్టి, వెనక్కెళ్ళి బాత్రూం కడగడం. అంతసేపూ నా చేతులు మోచేతులదాకా తడి. ఇదంతా నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గ పని అనుకోలేదు. మావారు ఎవరైనా అడిగితే, "బడి నుంచి వచ్చాక ఖాళీయేగా" అంటారు. కానిస్టేబుల్ టైపు చెయ్యడం ఆపి నా వైపు చూస్తున్నాడు.

ఎస్సై నేను పూర్తిచేసేదాకా ఆగింది. నా మీద ప్రేమతో కాదు, ఎక్కడైనా పట్టుబడతానేమోనని. అయినా ఆగింది. వాక్యం చివరిదాకా మాట్లాడి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు.

"మరి అప్పుడు ఫోన్ ఎవరి చేతిలో ఉంది?"

"మావారి చేతిలో. ఆయన పక్కన మా మరిది ఉన్నాడు. అతనికి కోచింగ్ సెంటర్ ఉంది" అన్నాను. కానిస్టేబుల్ టైపు చేసిన నా వాంగ్మూలాన్ని సంతకం పెట్టే ముందు చదివితే, 'ఫోన్ నా ఆధీనంలో ఉంటుంది' అని ఒక వాక్యం కనబడింది. అది తప్పన్నాను. అందరూ అలాగే రాయిస్తారన్నాడు కానిస్టేబుల్. కొట్టేసేదాకా పెన్ను ముట్టుకోలేదు.

బయట బెంచీ మీంచి మావారు గబగబా లేచి వచ్చారు. లోపల ఏం చేశారని గానీ, మంచినీళ్ళు తాగావా అని గానీ అడగలేదు. "తమ్ముడి గురించి ఏమైనా అడిగారా?" అన్నారు.

"అడగలేదు. నేనే చెప్పాను."

ఆ మధ్యాహ్నమే ఎస్సై మా ఇంటికి వచ్చింది. అత్తగారు కుడిచేతి మీద శాలువా కప్పుకుని కూర్చుంది. ఆదివారం స్నానం ఎవరు చేయించారని ఎస్సై అడిగింది. ఆవిడ పెద్దకొడుకు వైపు చూసి, "నా పనులు నేనే చేసుకుంటాను. ఎవరి మీదా ఆధారపడను" అంది. చుట్టాల ముందు ఎప్పుడూ చెప్పే మాటే. ఇన్నాళ్ళూ ఆ మాటకి నేను నవ్వి ఊరుకునేదాన్ని.

"మంచిదమ్మా. ఎండన పడి వచ్చాను, ఆ బల్ల మీది చెంబుతో కాస్త నీళ్ళు పోసి ఇవ్వండి" అంది ఎస్సై.

అత్తగారు నా వైపు చూసింది. నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళాయి. వెనక్కి తీసుకున్నాను. ఆవిడ ఎడంచేత్తో కుర్చీ పట్టుకుని లేవబోయింది, లేవలేక కూలబడింది. శాలువా జారింది. "కోడలే చేయిస్తుంది" అంది, నేలని చూస్తూ. నాకు జాలేసింది. అయినా కదల్లేదు.

తర్వాత అన్నీ ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. ఫైలు చేరింది మరిది సెంటర్ కంప్యూటర్‌కే. తమ్ముడు అడిగితే ఫోన్ ఇచ్చానే గానీ ఏం చేస్తాడో తెలియదని మావారు రాసిచ్చారు. ఆ మాట నేను నమ్మను. నా మీద కేసు తీసేశారు. హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసి, మొదట్నుంచీ తనకి నమ్మకం ఉందని చెప్పింది.

పోలీసులు మరిదిని తీసుకెళ్ళిన రోజు మావారు హాల్లో నా ఎదురుగా కూర్చున్నారు. తలుపు దగ్గర నా బట్టల సంచీ ఉంది. అత్తగారిని చూసుకోవడానికి వచ్చిన ఆయాకి అప్పుడే పనంతా చూపించి, అక్క ఇంటికి బయల్దేరుతున్నాను.

"ఇప్పుడు నీకు సంతోషమేనా?" అన్నారు.

నా సంతోషం గురించి ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న అది. తొందరపడి జవాబు చెప్పదలుచుకోలేదు. ఆలోచించుకుని చెప్తానన్నాను.