సవ్యదిశలో పావు చుట్టు

ఇరవై రెండు జవాబు పత్రాలు. ఆరు ప్రశ్నలు. ఇరవై రెండు మందీ ఆ ఆరింటికీ ఒకే తప్పు రాశారు.

ప్రాంతీయ విద్యా కార్యాలయం నుంచి వచ్చిన వెర్నన్ పీక్ ఆ పత్రాలను స్టాఫ్ రూమ్ బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు. సోమవారం ఉదయం. కెటిల్ ఇంకా బుసకొడుతూనే ఉంది.

"ఉత్తరం వైపు తిరిగి నిలబడ్డావు. సవ్యదిశలో పావు చుట్టు తిరిగితే ఎటు చూస్తావు?" అని చదివాడు. "తూర్పు. అయిదో తరగతి ప్రశ్న. వీళ్ళంతా పడమర అని రాశారు. నలుగురైదుగురికి రాకపోవడం మామూలే. అందరికీ ఒకేలా రాకపోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఎవరో జవాబులు చెప్పారు. ఆ చెప్పినవాళ్ళకీ రాదు."

"పరీక్షప్పుడు గదిలో ఉన్నది నేనొక్కదాన్నే," అంది గ్లెనిస్ హాకింగ్.

"అదే మా సమస్య."

"మోసం చేయాలనుకుంటే సరైన జవాబే చెప్తాను కదా వెర్నన్. తూర్పు ఎటో నాకు తెలుసు. రోజూ పొద్దున కారు నడుపుకుంటూ వస్తుంటే ఆ సూర్యుడే నా కళ్ళలో పొడుస్తాడు."

ఎవరూ నవ్వలేదు. యారాబిన్ బడిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న గ్లెనిస్‌ను, గురువారం విచారణ జరిగేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నాడు వెర్నన్. ఆమె తన కప్పు కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. కప్పు తీసుకెళ్ళిందంటే తిరిగి వస్తానన్న నమ్మకం లేదన్నమాట.

మూలన కూర్చున్న బ్రోన్విన్ కేడ్‌కు జాలి కలగలేదంటే అబద్ధం. ఆ జాలి వెనకే, దొంగపిల్లిలా, కొంచెం సంతోషం కూడా వచ్చింది.

బ్రోన్విన్‌కు నలభై మూడేళ్ళు. పందొమ్మిదేళ్ళు కోరల్ బాలే సంస్థలో నాట్యం చేసింది. ఎప్పుడూ వెనక వరసే. మోకాలు విరిగాక సంస్థ ఆమెకు మిగిల్చిన పని ఇదొక్కటే: బాలేతో బడి పాఠాలు చెప్పడం. సముద్రతీరం నుంచి ఏడు వందల కిలోమీటర్లు లోపలికి, పత్తి లారీలూ ఈగలూ తప్ప ఏమీ లేని ఈ ఊళ్ళో రెండు టర్ములుగా అదే చేస్తోంది. సైన్సులో పిల్లల్ని గాల్లోకి ఎగిరించి, దిగేటప్పుడు మోకాళ్ళు ఎందుకు వంచాలో అడుగుతుంది. భూగోళంలో హాలు నేలంతా సుద్దతో పటం గీసి, నదుల వెంట నడిపిస్తుంది. లెక్కల్లో కోణాలు, దిశలు పూర్తిగా ఆమె చేతికే వదిలేయాలి. సంస్థ పెట్టిన షరతు అది.

ఆ షరతు విన్న రోజున గ్లెనిస్, "కోణాలు గౌను వేసుకుని వస్తాయన్నమాట," అంది. అప్పటినుంచీ ప్రతి వారం ఏదో ఒకటి అనేది. "ఏం తల్లీ, ఇవాళ భాగహారం కాలి వేళ్ళ మీద నిలబడిందా?" స్టాఫ్ రూమంతా నవ్వేది.

ఇప్పుడా నోరు మూతపడింది.

ఆ మధ్యాహ్నమే సంస్థ నిర్వాహకురాలు ఫెలిసిటీ ఓర్ ఫోన్ చేసింది. "మార్కులు చూశాను. ఆ ఆరు ప్రశ్నలు తీసేస్తే, ఆ చుట్టుపక్కల బళ్ళన్నిటిలో మీ పిల్లలే మొదటివాళ్ళు. కోణాల కొలతల్లో ఒక్క తప్పు లేదు. వచ్చే ఏడాది నలభై బళ్ళు, బ్రోనీ. దానికంతటికీ పెద్ద నువ్వే. ఒప్పందం కాగితం శుక్రవారం సంతకమవుతుంది."

"మరి గ్లెనిస్?"

"ఎవరావిడ?"

బ్రోన్విన్ చెప్పలేదు. పందొమ్మిదేళ్ళలో ఆమె పేరు కార్యక్రమ పత్రం మొదటి పేజీలో ఎన్నడూ పడలేదు. నలభై బళ్ళు. ఇది పోతే బాలేలో ఆమెకు ఇంకే తలుపూ లేదు.

మంగళవారం భోజనం గంటలో టేగన్ హాల్లోకి వచ్చింది. పదేళ్ళ పిల్ల, చేతిలో సగం కొరికిన శాండ్‌విచ్. లెక్కలంటే గోడకు తల కొట్టుకునే ఆ పిల్ల, ఈ టర్ములో కోణాలన్నీ సరిగ్గా చేసింది.

"మిస్, గ్లెనిస్ మిస్‌ని జైల్లో పెడతారా?"

"జైలేంటి, పిచ్చిమొహమా. అవునే, పడమర అని ఎందుకు రాశావు? ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పడమరే కదా."

"కాదు, తూర్పు."

టేగన్ ఆమెను ఎగాదిగా చూసింది. శాండ్‌విచ్ కిటికీ గట్టు మీద పెట్టి, హాలు మధ్యకు వచ్చి, ఎప్పుడూ నిలబడే చోట ఉత్తరం వైపు తిరిగి నిలబడింది. మడమలు కలిపింది. చేతులు గుండ్రంగా ఎత్తింది. "సవ్యదిశలో, పావు చుట్టు," అని తనే అనుకుని తిరిగింది.

ఎడమకు.

ముఖం పడమటి కిటికీ వైపు. భంగిమలో వంక పెట్టడానికి లేదు.

"మీరు నేర్పినట్టే చేశాగా మిస్. మీరు కూడా ఇటే చూస్తారు."

బ్రోన్విన్ హాలు చుట్టూ చూసింది. హాల్లో అద్దం లేదు. నాట్యశాలలో అయితే గురువు అద్దం వైపు తిరిగి, పిల్లలకు వీపు చూపిస్తూ నేర్పాలి. ఇక్కడ వీపు తిప్పితే కుర్రాళ్ళు కొట్టుకు చస్తారని పిల్లలకు ఎదురుగా నిలబడింది. ఆమె కుడికి తిరిగి "సవ్యదిశ" అనేది. ఎదురుగా ఉన్న పిల్లలు, అద్దంలో నీడ కదిలినట్టు, ఎడమకు తిరిగేవారు. ఆమె దక్షిణం నుంచి పడమరకు. వాళ్ళు ఉత్తరం నుంచి పడమరకు. అందరి ముఖాలూ ఒకే కిటికీ వైపు. పందొమ్మిదేళ్ళు అద్దంలో చూసిన దృశ్యం అచ్చం అలాగే ఉండేది. అందుకే ఆమె కంటికి ఒక్కసారి కూడా తేడా కనబడలేదు. బాలే నేర్చుకోనివాళ్ళు ఎవరైనా మొదటి రోజే పట్టుకునేవారు.

అంటే పరీక్షలో ఎవరూ జవాబులు చెప్పలేదు. రెండు టర్ములుగా తనే చెప్పింది.

"నేను తప్పు చేశానా మిస్?" అంది టేగన్.

"లేదమ్మా. నీ శాండ్‌విచ్‌కి చీమలు పడతాయి, తీసుకో."

కారులో కూర్చుని ఫెలిసిటీకి ఫోన్ చేసింది. అంతా చెప్పింది.

"ఇది ఇంకెవరికైనా తెలుసా?"

"లేదు."

"అయితే తెలియనక్కర్లేదు. బ్రోనీ, నన్ను చెడ్డదాన్ని అనుకోకు. ఆవిడకి ఇంకో ఏడాదో రెండేళ్ళో ఉంటుందేమో ఉద్యోగం. నీకు ముందు ఇరవై ఏళ్ళున్నాయి. నిన్ను పిలిచి అడిగితే చెప్పు. పిలవకపోతే నీ పని నువ్వు చూసుకో."

"నన్నెందుకు పిలుస్తారు? బాలే టీచర్ని."

"అదే నేననేది."

బుధవారం ఆమె పని ఆమె చూసుకుంది. పిల్లల్ని ఎగిరించింది, దించింది. తిరగడం మాత్రం పెట్టలేదు. సాయంత్రం రొట్టెలకొట్లో గ్లెనిస్ కనబడింది. వరసలో ఆమెకు ముందు ఇద్దరు, వెనక ముగ్గురు. వాళ్ళందరికీ ఆమె పాఠాలు చెప్పింది. ఒక్కరూ పలకరించలేదు. కౌంటర్ వెనక కుర్రవాడు మాత్రం, "ఏం మిస్, పడమటి రొట్టా, తూర్పు రొట్టా?" అన్నాడు. గ్లెనిస్ రొట్టె తీసుకోకుండానే బయటికి నడిచింది.

బ్రోన్విన్ షెల్ఫ్ చాటున, జామ్ సీసా చేత్తో పట్టుకుని, ఆమె కారు కదిలేదాకా నిలబడింది.

గురువారం పది గంటలకు విచారణ గది తలుపు తోసింది. ఎవరూ పిలవలేదు. బల్లకు ఇవతల గ్లెనిస్, అవతల వెర్నన్, ప్రిన్సిపాల్. అప్పటికే ఏదో కాగితం గ్లెనిస్ ముందు ఉంది. ఆమె చేతిలో పెన్ను ఉంది.

"వెర్నన్, లేచి నాకు ఎదురుగా నిలబడండి," అంది బ్రోన్విన్. "ఒక్క నిమిషం. నేనేం చేస్తే అది చేయండి."

"ఇది విచారణమ్మా."

"విచారణకే."

అతను విసుక్కుంటూ లేచాడు. ఆమె కుడి చేయి ఎత్తింది. అతను ఎడమ చేయి ఎత్తాడు. ఆమె "సవ్యదిశలో పావు చుట్టు" అని కుడికి తిరిగింది. అతను ఎడమకు తిరిగాడు. ఇద్దరూ పక్కపక్కనే ఒకే గోడను చూస్తూ నిలబడ్డారు.

"ఇప్పుడు చెప్పండి. మీకు ఎవరు కాపీ చూపించారు? రెండు టర్ములుగా పిల్లలకి ఎదురుగా నిలబడి నేనిలాగే నేర్పాను."

వెర్నన్ తన పాదాల వంక చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పది నిమిషాల తర్వాత టేగన్‌నీ, మరో నలుగురు పిల్లల్నీ ఒక్కొక్కరినే పిలిపించారు. అయిదుగురూ ఎడమకే తిరిగారు. గ్లెనిస్ ముందున్న రాజీనామా కాగితాన్ని ప్రిన్సిపాల్ నెమ్మదిగా వెనక్కి లాక్కుంది.

బయట కార్ల దగ్గర గ్లెనిస్ ఆమె కోసం ఆగింది. కృతజ్ఞత చెబుతుందనుకుంది బ్రోన్విన్.

"నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "మంగళవారం."

"మంగళవారం ఎప్పుడు?"

"భోజనం గంటలో."

గ్లెనిస్ తల ఊపింది. "నిన్న రొట్టెలకొట్లో ఉన్నావు. జామ్ వెనక. చూశాను." కారు తలుపు తీసింది. "తప్పు చేశావు, సరే. నేనూ చేశాను చాలా. కానీ ఆ రెండు రోజుల మౌనం ఉంది చూశావా తల్లీ, అది తప్పు కాదు. దానికి వేరే పేరుంది." కూర్చుని, అద్దం దించి, మళ్ళీ అంది: "పిల్లలకి కోణాలు మాత్రం బాగా వచ్చాయి. అదే నాకు మండుతోంది."

శుక్రవారం సంతకం జరిగింది. ఫెలిసిటీ స్వరం ఎప్పటిలా మెత్తగానే ఉంది. కార్యక్రమం ఆగలేదు; నలభై బళ్ళూ ఒప్పుకున్నాయి. పెద్దగా మాత్రం ఇరవై ఆరేళ్ళ అమ్మాయిని తీసుకున్నారు. "నీ మీద కోపం కాదు బ్రోనీ. విచారణలో పేరున్న మనిషిని ముందు పెట్టలేం. నీ పాఠాల పుస్తకం పంపిస్తావు కదా? అది సంస్థదే."

పంపింది. ప్రతి పేజీలో కుడి, ఎడమలు ఎర్ర సిరాతో దిద్ది మరీ పంపింది. టర్ము మిగిలిన మూడు వారాలూ గ్లెనిస్ పిల్లలకు సుద్దతో గడియారం గీసి, వీపు తిప్పి, దిశలు మళ్ళీ నేర్పింది. టేగన్‌కు అవి ఎక్కలేదు. కూర్చుని చేయమంటే ఆ పిల్ల చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుంది.

ఫిబ్రవరిలో సంస్థ కొత్త కరపత్రం ఆమెకూ పోస్టులో వచ్చింది, అన్ని బళ్ళకూ వెళ్ళినట్టే. అప్పటికి సంస్థ పని పోయి, బ్రోన్విన్ యారాబిన్ మోటెల్‌లో గదుల తాళాలు ఇచ్చే పనిలో ఉంది. మొదటి పేజీ నిండా బొమ్మ: యారాబిన్ బడి హాలు, ఇరవై రెండు మంది పిల్లలు, చేతులు గుండ్రంగా ఎత్తి, ఒక్క మనిషిలా ఎడమకు, పడమటి కిటికీ వైపు తిరిగి ఉన్నారు. కింద పెద్ద అక్షరాల్లో, "సవ్యదిశలో పావు చుట్టు: దిశలు ఒంటికి నేర్పుదాం."

సంస్థలో ఎంతమంది ఆ బొమ్మ చూసి సరే అని ఉంటారు? పదిమంది? అందరూ నాట్యం చేసినవాళ్ళే. అందరికీ బాగానే కనబడి ఉంటుంది.

ఆమె ఫోన్ తీసింది. ఫెలిసిటీ నంబరు చూసింది. ఎవరో ట్రక్కు డ్రైవరు కౌంటర్ మీద వేళ్ళతో తట్టి, "అక్కా, తొమ్మిదో నంబరు గది ఎటు?" అన్నాడు.

"బయటికెళ్ళి కుడికి," అంది బ్రోన్విన్. ఫోన్ బోర్లా పెట్టి తాళం ఇచ్చింది. అతను తలుపు దాటి సరిగ్గా తిరిగాడో లేదో మెడ చాచి చూసింది.