ముందే చదివిన కృతజ్ఞత చీటీ

అక్టోబరు ఐదు, ఆదివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, ఆమదాలవలసలోని ఒక బాప్టిస్టు చర్చిలో పాస్టరు జ్ఞానానందం ఒక కృతజ్ఞత చీటీ చదివాడు. సోదరి ప్రిస్కిల్లా ఆటో లైసెన్సు పరీక్ష పాసయినందుకు దేవునికి స్తోత్రం అని అందులో రాసి ఉంది. పరీక్ష మర్నాడు.

ప్రిస్కిల్లా ఆడవాళ్ల వైపు నాలుగో వరసలో కూర్చుని ఉంది. ఆమె వయసు ముప్పై ఆరు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె చేతులు ఒడిలోంచి లేవలేదు. పక్కనున్న తల్లి లీలారాణి వైపు తిరిగింది. లీలారాణి కళ్లు మూసుకుని చప్పట్లు కొడుతోంది.

"నువ్వేనా రాసింది?"

"మరెవులే?"

"పరీక్ష రేపు కదమ్మా!"

"పాసయ్యాక స్తోత్రం ఎవులైనా సెప్తారు. ముందు సెప్తేనే నమ్మకం. ఆమెన్ అను."

ప్రిస్కిల్లా ఆమెన్ అనలేదు. 

ఆటో ఆమె భర్త శాంతికుమార్‌ది. పదకొండేళ్లు రైల్వే స్టేషన్ నుంచి శ్రీకాకుళం దాకా నడిపాడు. షుగరు వల్ల చూపు తగ్గింది. బండి తోలొద్దని డాక్టరు చెప్పాక విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా వెళ్లాడు. అయిదు నెలలుగా ఆటో ఇంటి ముందు కవరు కింద ఉంది. అమ్మొద్దు, నేను తోలతాను అని ప్రిస్కిల్లాయే అంది. మేనత్త కొడుకు ఇమ్మానుయేలు, అతనిదీ ఆటోయే, పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఆమెకు నేర్పాడు. రోడ్డు మీద బాగానే నడిపేది.

పరీక్షలో నడపలేకపోయింది. మొదటిసారి ఇంజిన్ మూడుసార్లు ఆగిపోయింది. రెండోసారి ఎనిమిది అంకె ఆకారంలో తిరిగే దారిలో గీత దాటింది. ఆ రెండు సంగతులూ తల్లికీ, ఇమ్మానుయేలుకీ, భర్తకీ తప్ప ఎవరికీ తెలియవు. అడిగినవాళ్లకు, ఇంకా తేదీ రాలేదని చెప్పింది. మూడోసారి కూడా తప్పితే అరవై రోజుల దాకా పరీక్షకు రానివ్వరు. మంగళవారం ఎచ్చెర్ల నుంచి ధర్మేంద్ర అనే అతను ఆటో బేరానికి వస్తాడు. "సోమారం పాసైతే బండి నీది, నేకపోతే ఇచ్చెయ్" అని శాంతికుమార్ ఫోనులో చెప్పాడు.

ఇంతలో మైకులో పాస్టరు గొంతు మళ్లీ వినిపించింది.

"సోదరి ప్రిస్కిల్లా ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలని కోరుతున్నాము."

ఎవరి కృతజ్ఞత చీటీ చదివితే వాళ్లు ముందుకెళ్లి, జరిగిన మేలు మైకులో చెప్పాలి. ఆ చర్చిలో అది పద్ధతి. ఆ మాట తల్లికి కూడా అప్పుడే గుర్తొచ్చినట్టుంది. చప్పట్లు ఆపేసింది.

ప్రిస్కిల్లా ఆ మైకు ముందు నిలబడి పాతికేళ్లయింది. పదకొండేళ్లప్పుడు క్రిస్మస్‌కు బైబిలు వాక్యం కంఠతా చెప్పడానికి నిలబెట్టారు. సగం చెప్పి మర్చిపోయింది. ముందు వరసలో పిల్లలు నవ్వారు. ఇమ్మానుయేలు ఆ రోజు నుంచి ఆమెను 'సగం వాక్యం' అనే పిలుస్తాడు. ఆ తర్వాత ఆమె చర్చిలో పాట ఎత్తుకోలేదు, ప్రార్థన చేయలేదు. తప్పినా ఎవరికీ తెలియని పనులే చేస్తూ వచ్చింది.

లేచింది. నాలుగో వరస నుంచి మైకు దాకా పన్నెండు అడుగులు. మోకాళ్లలో వణుకు చీర కుచ్చెళ్లలో కనబడుతుందేమోనని కొంగు ముందుకు లాక్కుంది. స్తోత్రం అని ఒక్క మాట చెప్పి వచ్చి కూర్చోవచ్చు. అలా అంటే, రేపు తప్పితే, చర్చిలో అబద్ధం చెప్పినట్టు. నిజం చెబితే రెండుసార్లు తప్పిన సంగతి ఈ పూటే ఊరంతటికీ తెలుస్తుంది. పన్నెండు అడుగులూ అయిపోయాయి. పాస్టరు మైకు అందించాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"నేను పాసవనేదండి."

వెనక వరసల్లో ఎవరో "ఏటీ?" అన్నారు.

"పరీక్ష రేపు. ఇంతకుముందు రెండుసార్లు ఎల్లాను. రెండుసార్లూ ఫెయిలయ్యాను. మా అమ్మ ముందే రాసీసింది. రేపు మళ్లీ ఎల్తన్నాను. బయ్యంగా ఉన్నాది."

మైకు పాస్టరు చేతికిచ్చి వచ్చి కూర్చుంది.  పాస్టరు తరువాతి చీటీ తీశాడు.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర ఇమ్మానుయేలు ఎదురొచ్చాడు.

"ఒసే సగం వాక్యం! ఇయ్యాల మొత్తం సెప్పీసినావు గదే."

"నవ్వకు బావా. కాళ్లింకా వణుకుతన్నాయి."

"వణకనీ. ఆటో తోలేది సేతుల్తో."

"బ్రేకు కాళ్లదే కదా?"

అతను "అదీ నిజమే" అన్నాడు.

సోమవారం పది గంటలకు శ్రీకాకుళంలో పరీక్ష ట్రాకు దగ్గర పదిహేడు మంది ఉన్నారు. ఆడమనిషి ఆమె ఒక్కతే.  పేరు పిలిచేసరికి చెవుల్లో హోరు మొదలైంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఏదో చెప్పాడు, ఆమెకు వినబడలేదు.

"ఏటన్నారు సార్?"

"ముందు ఎనిమిది తిరగమ్మా. తరవాత వెనక్కి."

కిక్కు లాగింది. ఎడమ చేతి మణికట్టు బిగుసుకుపోయింది. రెండో గేరు పడలేదు. మళ్లీ తిప్పితే పడింది. మొదటి వంపు తిరిగింది. రెండో వంపులో వెనక చక్రం గీత పక్కనే పోయింది, దాటలేదు. ఎనిమిది పూర్తయింది. ఆమె వెంట వచ్చిన ఇమ్మానుయేలు గట్టు మీద నుంచి చెయ్యి ఎత్తాడు.

వెనక్కి తీసేటప్పుడు ఎడమ పక్క నిలబెట్టిన కడ్డీకి ఆటో తగిలింది. కడ్డీ పడిపోయింది.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద గీత గీశాడు. "మూడోసారి కదమ్మా. ఇక అరవై రోజులు పోయాకే."

ఆమె దిగి పడిపోయిన కడ్డీని లేపి నిలబెట్టింది. ట్రాకు గోడ పక్కకు వెళ్లి నిలబడింది. హోరు తగ్గేదాకా అక్కడే ఉంది. తర్వాత భర్తకు తానే ఫోను చేసింది.

"పోయింది. ఎనిమిది మాత్రం వచ్చింది. కడ్డీ పడిపోయింది."

ధర్మేంద్ర రేపు వస్తాడని శాంతికుమార్ గుర్తు చేశాడు.

"బండి అమ్మొద్దు. రెండు నెలలాగు. మళ్లీ ఎల్తాను."

"మళ్లీ పోతే?"

"పోతే పోతాది. అప్పుడు సూద్దుము."

శాంతికుమార్ "కవరు సరిగ్గా కట్టు. తుఫాన్ల రోజులు" అని ఫోను పెట్టేశాడు.

మంగళవారం తొమ్మిదింటికి ధర్మేంద్ర వచ్చాడు. కవరు ఎత్తి టైర్లు చూశాడు.

"ఇచ్చీ అమ్మా. ఫెయిలయ్యావంట గదా, స్టేషన్ స్టాండు కాడ అందరూ సెప్పుకుంటన్నారు."

"అవును. మూడుసార్లు" అంది ప్రిస్కిల్లా. "బండి ఇవ్వను."

అతను వెళ్లిపోయాక ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుని కూర్చుంది.  లీలారాణి టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

"నాదే తప్పు. ఇంక సీటీ రాయన్లే."

"నేను రాస్తాను" అంది ప్రిస్కిల్లా.

అక్టోబరు పన్నెండు, ఆదివారం పది గంటల ఇరవై అయిదు నిమిషాలకు పాస్టరు జ్ఞానానందం ప్రార్థన చీటీల్లో మూడోది చదివాడు. మూడోసారి ఫెయిలయ్యాను, డిసెంబరులో నాలుగోసారి వెళ్తాను, వెనక్కి తీయడం రావాలని ప్రార్థించండి, అని అందులో ఉంది. కింద ప్రిస్కిల్లా సంతకం ఉంది.