గుర్రానికి కప్పిన కంబళి

నేను ఒక బూడిదరంగు ఉన్ని కంబళిని. అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం వచ్చినప్పుడు ఒహాయోలో ఒక తల్లి నన్ను నేసింది. ఉత్తరాది యూనియన్ పటాలంలో చేరిన కొడుకు అమోస్ భుజాన వేసింది. వాడికి కాస్త చలిగాలి తగిలితే చాలు, ఛాతీ పట్టేస్తుంది.

"ఇది మాత్రం వదలకు నాయనా," అందామె. ఆ తల్లి భయమంతా పోగుపోగునా నాలోకి ఎక్కింది.

స్వచ్ఛందంగా చేరినవాళ్ల పటాలం కదా, తమ కెప్టెన్‌ని సిపాయిలే చేతులెత్తి ఎన్నుకున్నారు. ఎవరిని? యుద్ధం తెలిసినవాణ్ణి అనుకుంటున్నారా? ఊరందరికీ సారా పోయించిన ప్లీడరు ప్రాట్‌ని! కత్తి దుయ్యడం రాదు గాని, మీసం దువ్వడం మహా బాగా వచ్చు.

మార్చి నెలలో, యుద్ధం జరుగుతున్న వర్జీనియా దారి పట్టారు. ఆ పూట కాస్త ఎండ కాసింది. అంతే, ఇక చలికాలం చచ్చిపోయిందనుకున్నారు ఆ మేధావులు. కోట్లూ కంబళ్లూ దారి పొడుగునా విసిరేశారు.

"బరువు దించుకోండి తమ్ముళ్లూ, నడక చురుగ్గా సాగాలి!" అన్నాడు ప్రాట్ గుర్రం మీంచి. ఆయన పెట్టెలు మాత్రం వెనక బండిలో వస్తున్నాయి.

అమోస్ నన్ను గట్టిగా పట్టుకున్నాడు. పక్కన నడిచే సైలస్ ఊరుకుంటాడా?

"ఏరా, అమ్మ కొంగు ఇంకా వదల్లేదా? పాలసీసా కూడా తెచ్చుకున్నావేంటి?"

వరసంతా పకపకా నవ్వింది. అమోస్ చెవులు ఎర్రబడ్డాయి. నన్ను కంచె మీదికి విసిరి ముందుకు నడిచాడు. తుపాకులకు ఎదురెళ్తానని బయలుదేరినవాడు, ఒక వెక్కిరింతకు నిలబడలేకపోయాడు!

వెనకొచ్చిన బండివాడు నన్ను ఏరి, మకాం చేరాక కెప్టెన్ గుర్రానికి కప్పాడు. సాయంత్రానికి వాన పట్టుకుంది, తెల్లారేసరికి మంచు. నేను భయపడ్డదంతా జరిగింది. అమోస్ దగ్గుతూ వచ్చి ప్రాట్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, అది మా అమ్మ నేసిందండీ."

"పారేసినప్పుడు గుర్తు రాలేదా అమ్మ? గుర్రానికి జబ్బు చేస్తే నన్నెవడు మోస్తాడు, నువ్వా?"

చలికి పళ్లు టకటకలాడుతున్నా అందరూ మళ్లీ నవ్వారు. నవ్వకపోతే కెప్టెన్ గారికి కోపం రాదూ!

వారం తిరక్కుండా అమోస్ ప్రాణం పోయింది. ఒక్క గుండు పేలలేదు, శత్రువు ముఖం ఎవడూ చూడలేదు. శవపెట్టెకు చెక్క కూడా దొరకలేదు.

"నా సొంత కంబళి తీసుకోండి, నా సిపాయి చలిలో పడుకోకూడదు," అన్నాడు ప్రాట్, గుర్రం మీంచి నన్ను తీయించి, గొంతు వణికించి.

"ఎంత మనసండీ మీది!" అని సైలస్ కళ్లు తుడుచుకున్నాడు. నన్ను గుర్తుపట్టినవాడు ఒక్కడూ లేడు.

ఇక్కడ మట్టిలో తేమ ఎక్కువ. నాకు గుర్రపు చెమట వాసన ఇంకా వదల్లేదు, పోగులు కుళ్లిపోతున్నాయి. వాడి ఛాతీ మీది మడతను మాత్రం ఇంకా ఊడనివ్వలేదు.