నిచ్చెన కాసెట్టులో చివరి పాట

ఆ ఆదివారం ఇంట్లో పెదనాన్న ఉన్నారు, పెద్దమ్మ ఉంది, శ్యామ్ అన్నయ్య ఉన్నాడు, అన్నయ్యతో కలిసి పనిచేసే లోహిత్, ఓంకార్ ఉన్నారు. నేనూ ఉన్నాను. హాల్లోంచి పెదనాన్న "వీరా, నాలుగు టీలు" అని కేకేసినప్పుడు ఆ నాలుగింటిలో పెద్దమ్మా నేనూ లేమన్న సంగతి నాకు వెంటనే తట్టలేదు. గ్లాసులు ట్రేలో సర్దుతుంటే తట్టింది. తట్టినా పెద్దగా బాధేమీ కలగలేదు, ఎందుకంటే అప్పటికి నా చెవులు రెండూ అన్నయ్య గదిలో ఉన్నాయి.

అన్నయ్య గదిలో రెండు కాసెట్లు పట్టే టేప్ రికార్డర్ ఉంది. వాళ్ళు ముగ్గురూ హాస్టల్లో ఉన్నప్పటినుంచీ ఒక అలవాటు పెట్టుకున్నారట. డిసెంబరు చివరి ఆదివారం, ఆ ఏడాది కొన్న ఇంగ్లీషు ఆల్బములన్నీ మంచం మీద పరుస్తారు. ఏది గొప్పదో వాదించుకుంటారు. గెలిచినవాటిలోంచి పాటలు ఏరి ఒక ఖాళీ కాసెట్టు మీదికి ఎక్కిస్తారు. దాన్ని 'ఏడాది కాసెట్టు' అంటారు. ఈసారి ఆ పని మా ఇంట్లో జరుగుతోంది, ఎందుకంటే లోహిత్ ఆ సాయంత్రమే బస్సెక్కి బెంగుళూరులో కొత్త ఉద్యోగానికి వెళ్ళిపోతున్నాడు. ఇన్నాళ్ళూ అన్నయ్య గదిలోనే ఉన్న అతని కాసెట్లూ అతనితో వెళ్ళిపోతాయి. వాటిలో అట్ట మీద నిచ్చెన బొమ్మ ఉన్న కాసెట్టు కూడా ఉంది.

నేను జూన్‌లో ఈ ఇంటికి వచ్చాను. ఆచంట దగ్గర మా ఊళ్ళో తెలుగు మీడియంలో టెన్త్ చదివి, కూకట్‌పల్లిలో ఇంటర్ చేరాను. "మా ఇంట్లోనే ఉండి చదువుకుంటుందిలే, నాకూ చేదోడుగా ఉంటుంది" అని పెద్దమ్మ మా అమ్మతో అంది. రెండూ నిజమే అయ్యాయి. నేను చదువుకుంటున్నాను, చేదోడుగానూ ఉన్నాను. రెండోది ఎక్కువ. కాలేజీ నుంచి బస్సు దిగి కొత్తగూడ మట్టిరోడ్డు మీద నడుచుకుంటూ వచ్చేసరికి సింకు నిండా గిన్నెలుంటాయి. ఎవరూ కసురుకోరు. ఈ ఇంట్లో నన్ను ఒక్కసారి కూడా ఎవరూ తిట్టలేదు. పిలుస్తారు, అంతే. "వీరా" అని ఎంత ముద్దుగా పిలుస్తారంటే, వెళ్ళకుండా ఉండటం పాపమనిపిస్తుంది. నేను ఎక్కడున్నా "వస్తున్నా" అంటాను. నిద్రలో కూడా అన్నానని పెద్దమ్మ నవ్వుతూ అందరికీ చెప్తుంది.

ఏడాది చివర మంచి ఆల్బముల గురించి ఇంగ్లీషు పత్రికల్లో పెద్ద పెద్ద వ్యాసాలు వేస్తారని అన్నయ్య చెప్పాడు. అవి రాసేవాళ్ళు కుర్చీలో కూర్చుని వింటారనుకుంటాను. నేను ఈ ఏడాది ఆల్బములన్నీ నిలబడి విన్నాను, వంగి విన్నాను, గొంతుక్కూర్చుని విన్నాను. అందుకని నా అభిప్రాయాలు కొంచెం వేరుగా ఉంటాయి. డైరీలో రాసుకున్నాను కానీ ఎవరికీ చెప్పలేదు.

నల్లటి అట్ట మీద ముళ్ళకంచె బొమ్మ ఉన్నది అన్నయ్యది. నలుగురు అబ్బాయిలు గొంతు చించుకుని అరుస్తారు. బట్టలు ఉతకడానికి ఈ ఏడాది దాన్ని మించిన ఆల్బము రాలేదు. డ్రమ్ము దెబ్బకో బ్రష్షు దెబ్బ. పెదనాన్న చొక్కా కాలర్లు ఇంత తెల్లగా ఉన్నాయంటే ఆ డ్రమ్ములు వాయించేవాడి చలవే. కానీ మూడో పాటలో పాడే అబ్బాయి గొంతు బొంగురుపోతుంది. వాడు దాన్ని దాచుకోడు. అక్కడ నా చెయ్యి ఆగిపోతుంది. అంత అరిచేవాడికి కూడా ఏదో చెప్పడం రావట్లేదనిపించి జాలేస్తుంది.

స్కూటరు మీద అక్కాచెల్లెళ్ళిద్దరు నవ్వుతున్నది ఓంకార్‌ది. ఉల్లిపాయలు తరుగుతూ కూడా నవ్వగలిగానంటే వాళ్ళ వల్లే. చెల్లెలు ఒక్కోచోట తాళం తప్పిపోబోతుంటే అక్క వచ్చి అందుకుంటుంది. మా చెల్లి గుర్తొస్తుంది. రెండో వైపు మాత్రం మొదటి వైపు కూరనే వేడిచేసి మళ్ళీ వడ్డించారు.

నీలం అట్టది లోహిత్‌ది. అందులో కీబోర్డే తప్ప మాటలుండవు. ఇస్త్రీకి బాగుంటుంది. చీర కుచ్చిళ్ళలాగా ఒక మడత మీద ఇంకో మడత. అయితే అది వింటూ పెదనాన్న లాల్చీ ఒకటి మాడ్చాను కాబట్టి దానికి రెండో స్థానం కూడా ఇవ్వలేను.

ఇక నిచ్చెన. అదీ లోహిత్‌దే. బూడిదరంగు అట్ట మీద ఒక గోడ, గోడకి ఆనించిన నిచ్చెన. మనిషెవరూ లేరు. పాడేది ఒకామె. పెద్దగా పాడదు. పక్కింట్లో వాళ్ళకి వినపడకుండా మాట్లాడుతున్నట్టు పాడుతుంది. నాకు ఇంగ్లీషు అన్ని మాటలూ తెలియవు. కానీ మొహమాటపడేవాళ్ళు నిజం చెప్పడానికి ముందు ఒకసారి గొంతు సవరించుకుంటారు చూడండి, ఆమె ప్రతి పాటకీ ముందు అలా ఊపిరి తీసుకుంటుంది. అది వినపడుతుంది. మిగతా ఆల్బముల్లో ఆ ఊపిరిని తీసేశారనుకుంటాను. ఇందులో ఉంచారు. మొదటిసారి విన్నప్పుడు చపాతీపిండి కలుపుతున్నాను. సిగ్గుపడే మనిషి కూడా కాసెట్టు చెయ్యొచ్చన్నమాట అనుకున్నాను.

దాని రెండో వైపు చివరి పాట ఒకటుంది. ఒక్క గిటారుతో మొదలవుతుంది. తర్వాత డ్రమ్ములు వస్తాయి, ఇంకేవో వస్తాయి, ఆమె గొంతు మెల్లగా లేస్తుంది, లేచి లేచి, అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. నిశ్శబ్దం. ఇల్లంతా ఆ నిశ్శబ్దం కోసమే కాచుక్కూర్చున్నట్టు ఉంటుంది. "వీరా, పాటలైపోయాయిగా, పాలు చూడు." "వీరా, నా బీపీ మాత్ర." అన్నయ్య గదిలో ఉంటే చెయ్యి చాచి బటను నొక్కేస్తాడు. కానీ పాట అయిపోలేదు. ఒకసారి బటను నొక్కడం ఆలస్యమై నేను విన్నాను, ఆమె మళ్ళీ ఊపిరి తీసుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్క మాట. అంతే, టక్కుమని ఆగిపోయింది. ఆ మాట తర్వాత ఏముందో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. ఆ ఆదివారం సాయంత్రం దాటితే ఇక తెలియదు.

టీలు తీసుకెళ్ళేసరికి గదిలో వాదన ముదిరింది.

"కంచె ఆల్బం ముందు ఇవన్నీ పిల్లల ఆటలురా" అంటున్నాడు అన్నయ్య.

"ఏంది నువ్వు చెప్పేది? గా అరుపులు వింటే మా ఖాజాగూడల కుక్కలన్నీ లేస్తయ్" అన్నాడు ఓంకార్. "పబ్లిక్ ఏం వింటున్నరో చూడాలె. ఏ షాపు ముందు నిలబడ్డా నా అక్కాచెల్లెండ్లే."

"పబ్లిక్ సంగతి వదిలెయ్. వీరాని అడుగుదాం" అన్నాడు లోహిత్. "అన్నీ విన్నది ఈ అమ్మాయే. ఏం వీరా, నీకేది నచ్చింది?"

నన్నెవరైనా ఏదైనా అడిగితే నాకు ముందు చెవులు వేడెక్కుతాయి. "నిచ్చెన" అన్నాను.

"ఏంటీ?"

"ఆ... బూడిదరంగుది. నిచ్చెన ఉన్నది."

అన్నయ్య నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. టేప్ రికార్డర్ హెడ్డు దూదితో ఎలా తుడవాలో నాకు నేర్పింది అన్నయ్యే. "అది కూరలు తరుక్కుంటూ వినే ఆల్బమే. చివరి పాటైతే మరీను, సగంలో ఆపేసింది. డబ్బులైపోయాయేమో పాపం."

"ఆగిపోలేదన్నయ్యా" అన్నాను.

నా గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే ఓంకార్ "టీల జర చక్కెర తక్కువైంది" అన్నది దాని మీదుగా నడిచి వెళ్ళిపోయింది. నేను చక్కెర కోసం వంటింట్లోకి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి నిచ్చెన ఓడిపోయింది. ఏడాది కాసెట్టులో దాని పాట ఒక్కటి కూడా ఎక్కలేదు.

కాసెట్టు పూర్తయ్యాక, లోహిత్ వెళ్ళేలోపు డాబా మీద ఫోటోలు దిగుదామన్నారు. మా డాబా మీదినుంచి పోయిన నెల తెరిచిన గుండ్రటి అద్దాల మేడ కనిపిస్తుంది. చుట్టూ బండరాళ్ళు, మధ్యలో అది. పెదనాన్న కెమెరా పట్టుకుని ముందు నడిచారు. మెట్లెక్కబోతూ లోహిత్ వెనక్కి తిరిగి, "వీరా, నా కాసెట్లు సంచీలో సర్దేస్తావా? నిచ్చెనది వినాలంటే వినేసి సర్దు" అన్నాడు. అతనికి అది చిన్న మాట.

గదిలో నేనొక్కదాన్నే. నిచ్చెన కాసెట్టు పెట్టాను. చివరి పాట దగ్గరికి తిప్పాను. జీవితంలో మొదటిసారి అన్నయ్య కుర్చీలో కూర్చున్నాను. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గిటారు మొదలైంది. బయట ఎక్కడో రాళ్ళు పేల్చడానికి ముందు ఊదే ఈల వినిపించింది. ఆదివారాలు కూడా మానరు. డ్రమ్ములు వచ్చాయి. ఆమె గొంతు లేస్తోంది.

"వీరా!" డాబా మీదినుంచి అన్నయ్య. "ఇంకోసారి టీ పట్టుకురా తల్లీ, చలిగా ఉంది!"

"వస్తున్నా" అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. నేను పిలవకుండానే వచ్చింది. పళ్ళు బిగించి దాన్ని అక్కడే ఆపాను. ఒక మాట అనకపోవడం ఇంత కష్టమైన పనని నాకు తెలియదు. చేతులు కుర్చీ అంచుని పట్టుకున్నాయి. వెళ్ళను అనుకున్నాను. ఈ ఒక్క పాటకి వెళ్ళను. తిడితే తిట్టనీ, ఎలా తిడతారో అదీ తెలుస్తుంది.

"వీరా! వినపడలేదా?"

పాటలో అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో వంటింట్లోంచి అడుగులు వినిపించాయి. పెద్దమ్మ నడక నాకు తెలుసు, మోకాలి నొప్పితో ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెల్లగా. గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతులకి శనగపిండి. నేను లేవబోయాను. ఆవిడ నన్ను చూడలేదు, టేప్ రికార్డర్‌ని చూసింది. తడి చేత్తోనే నా ముందు నుంచి వంగి బటను నొక్కింది. టక్.

నాకు ఏడుపొచ్చేసింది.

"వెనక్కి తిప్పవే" అంది పెద్దమ్మ.

"ఆఁ?"

"మొదట్నుంచి పెట్టుకో. ఆ అరుపుల్లో ఏం విన్నావు గనక. అక్కడ ఆగాక ఆ పిల్ల మళ్ళీ మొదలెడుతుంది కదూ?"

"నీకెలా తెలుసు పెద్దమ్మా?"

"నా చెవులేమైనా పోపులో వేశాననుకున్నావా? జూన్ నుంచీ వింటున్నాను. సరిగ్గా అక్కడికి రాగానే పాలు పొంగడమో, మీ పెదనాన్న పిలవడమో." ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "పెళ్ళికాకముందు రేడియో వినేదాన్ని. అదీ ఇంతే. ఏ పాట ఎలా ముగుస్తుందో నాకు తెలీదే. అన్నింటికీ మొదళ్ళే వచ్చు."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. పెదనాన్న దిగి వస్తున్నారు. "ఏవిటోయ్, ఎంతసేపు? వీరా ఏదీ? పైన పిల్లలు టీ కోసం చూస్తున్నారు."

చదువుకుంటోంది అంటుందనుకున్నాను. ఈ ఇంట్లో నన్ను వదిలిపెట్టడానికి ఉన్న కారణం అదొక్కటే. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, నన్ను తన వెనక పెట్టుకుని, మామూలు గొంతుతో అంది.

"వీర పాటలు వింటోందండి. ఇప్పుడు రాదు. టీ నేను పెడతాను, మీరు పట్టుకెళ్ళండి."

"ఎవరూ, నేనా?"

"రెండు చేతులున్నాయిగా. ఆరు గ్లాసులు పెట్టండి. నాకూ దానికీ కూడా."

పెదనాన్న వంటింట్లోకి వెళ్ళారు. గ్లాసుల కోసం అలమారాలన్నీ తెరుస్తున్న చప్పుడు వినిపించింది. అవి ఎక్కడ ఉంటాయో ఆయనకి తెలియదు. నేను కాసెట్టు వెనక్కి తిప్పి, బటను మీద వేలు పెట్టి పెద్దమ్మ వైపు చూశాను. లోపలికి వచ్చి కూర్చుంటుందేమోనని కుర్చీలో కొంచెం జరిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"పిండి ఎండిపోతుంది" అంది. "చివర్లో ఏమందో నాకు చెప్పు."

అని, బయటి నుంచి తలుపు మూసేసింది.